పొట్ల పందిరి మీద కందిరీగ లాంటి పురుగు, రెక్కలు అద్దంలా ఉన్నయి. జాతి దాకా పోవాలంటే ఏం చూడాలె?

పరకాల_పందిరి:

అందరికీ నమస్తే. పరకాల దగ్గర పొట్ల పందిరి కాడ దొరికిన పురుగు ఇది. ఫొటోలు ఐదు పెట్టిన. చూడంగనే కందిరీగ అనుకుంటరు. పందిరి పక్కన తులసి పువ్వుల ముందు గాల్లో నిలబడి సన్నగ మోత చేస్తది, ఆకు మీద వాలితే వెనక కాళ్లు రెండూ పక్కకు చాచి కూసుంటది. ఉదయం పదిన్నర, ఎండ బాగ ఉంది.

గాజు సీసాలో పట్టి పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, కదలకుండ అయినంక గ్రాఫ్ కాగితం మీద ఫొటో తీసిన (మూడోది). తల నుంచి ఉదరం కొస దాకా 16 మి.మీ., రెక్కలు చాచితే 32 మి.మీ. ముందు రెక్క అంచులు ముదురు గోధుమ రంగు, నడుమ అద్దం, ఆ అద్దానికి అడ్డంగ ఒక నల్ల పట్టీ. వెనక రెక్క దాదాపు మొత్తం అద్దమే. ఉదరం నలుపు, సన్న తెల్ల చుట్లు. వెనక కాళ్ల మీద సీసా బ్రష్ లెక్క గుబురు వెంట్రుకలు: నలుపు, తెలుపు, కొంచెం నారింజ. మీసాలు కొస వైపు లావయి, చివర కొంకి తిరిగినయి.

అదే పొట్ల తీగల్లో కణుపుల దగ్గర బుడిపెలు వచ్చినయి. ఒకటి చీరితే తెల్ల పురుగు, గోధుమ తల.

ఫోన్ యాప్ మెలిట్టియా అంటుంది. మా రైతుల గ్రూపులో ఒకాయన అమాటా అన్నడు. అసలు ఇది క్లియర్‌వింగ్ మాతేనా (అద్దం రెక్కలుండే, సీతాకోకచిలుక చుట్టం పురుగు)? అయితే ఏ జాతి? ఫొటోలతోటి తేలుతదా, కోసి చూడాల్నా?

ఆరో ఫొటో వేరే పురుగుది. జంపన్నవాగు తడి ఇసుక మీద తీసింది. 11 మి.మీ. పొడవు ఉంటదేమో, సన్నగ, నీలి నలుపు, నడుం మీద ఒకటే పసుపు చుట్టు. మసకగ వచ్చింది, ఏమనుకోవద్దు.

రెక్క_ఈనె:

క్లియర్‌వింగే, సెసియిడే కుటుంబం. అనుమానం అక్కర్లేదు.

అమాటా ఎందుకు కాదో చెప్తాను. మన దగ్గర ఎక్కువగా కనబడేది అమాటా పస్సాలిస్, గంధం చెట్టు ఆకులు తినే పురుగుగా పేరున్నది. దాని రెక్క నల్లది, అందులో విడివిడిగా కిటికీల్లాంటి మచ్చలుంటాయి. వెనక రెక్క చాలా చిన్నది. మీసం దారంలా సన్నగా ఉండి కొస తెల్లగా ఉంటుంది. గడ్డి మీద రెక్కలు పరుచుకుని మందకొడిగా కూర్చుంటుంది, చేత్తో పట్టుకోవచ్చు. మీ పురుగులో ఇవేవీ లేవు. అమాటా ఎరెబిడే కుటుంబం, సెసియిడేకి దగ్గరి చుట్టం కూడా కాదు. కందిరీగ వేషం రెండు కుటుంబాలూ విడివిడిగా వేసుకున్నవే.

ఇంకో పొరపాటు కూడా తరచుగా జరుగుతుంది. గార్డీనియా మొక్కల దగ్గర తిరిగే సెఫనోడిస్ హైలస్‌ని క్లియర్‌వింగ్ అనేస్తారు. దానివీ అద్దం రెక్కలే, కానీ అది హాక్ మాత్, వేరే కుటుంబం. ఆకుపచ్చ బొద్దు శరీరం, మీ పురుగుకు దాదాపు రెట్టింపు సైజు. కోశం (ప్యూపా) నుంచి వచ్చినప్పుడు దాని రెక్క మీద బూడిద పొలుసులుంటాయి, మొదటిసారి ఎగరగానే రాలిపోతాయి.

కందిరీగతో తేడా తెలియాలంటే మూతి చూడండి. కందిరీగకు నమిలే దవడలు, దీనికి చుట్ట చుట్టుకున్న తుండం. కందిరీగకు నడుము దారమంత సన్నం, దీనికి ఛాతీ నుంచి ఉదరం దాకా ఒకే లావు. అద్దం రెక్క అయినా ఈనెల వెంబడి, అంచున కుచ్చులా పొలుసులు ఉండి తీరాలి. మీ నాలుగో ఫొటో పెద్దది చేస్తే అవి కనిపిస్తున్నాయి.

ఇక ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు. ఈసారి యాప్ సరిగ్గానే చెప్పింది. వెనక కాలి జంఘ (మోకాలి కింది భాగం) నుంచి పాదం దాకా గుబురు వెంట్రుకల పొలుసులు, బొద్దు శరీరం, దోసజాతి తీగలో లార్వా, ఈ మూడూ కలిస్తే మెలిట్టియా. పుప్పొడి మూటలు మోసే తేనెటీగలా కనబడడానికే ఆ కాళ్లు. జాతి మాత్రం ఫొటోతో చెప్పలేం. ఈ ప్రజాతిలో వందకు పైగా జాతులున్నాయి, చాలావాటికి రెక్క ఒకేలా ఉంటుంది.

అయినా ఫొటోలు సరిగ్గా తీస్తే వడపోత సగం అవుతుంది. మీరు పెట్టినవన్నీ పైనుంచి తీసినవే. కావలసినవి చెప్తాను. ఎదురుగా ముఖం: నుదురు రంగు, పెదవి దగ్గర పైకి తిరిగిన, తడిమి చూసే రెండు పాల్ప్‌ల రంగు. కడుపు వైపు మొత్తం. వెనక కాలు బయటి వైపు ఒకటి, లోపలి వైపు ఒకటి, ఎందుకంటే రెండు వైపులా కుచ్చు రంగులు వేరుగా ఉంటాయి, జాతులు విడదీసే పట్టికలు ఎక్కువగా అక్కడే ఆధారపడతాయి. చివరిగా, రెక్క వెనక తెల్ల కాగితం పెట్టి, ఆ కాగితం వెనక నుంచి టార్చ్ వేసి ఈనెలు.

ముందు రెక్కలో అద్దాన్ని మూడు భాగాలుగా కొలుస్తారు. మీరు చెప్పిన నల్ల పట్టీని డిస్కల్ మచ్చ అంటారు. దానికి బయటి వైపున్నది ఒక భాగం, లోపలి వైపు పైది ఒకటి, కింద అంచు వెంబడి ఉన్నది ఇంకొకటి. బయటి అద్దాన్ని ఈనెలు ఎన్ని గదులుగా కోశాయి, అది పొడవెక్కువా వెడల్పెక్కువా అన్నది రాసుకోండి. ఇక్కడో చిక్కుంది. ఒకటి రెండు రోజులు ఎగిరిన పురుగుకు పొలుసులు రాలి అద్దం పెద్దదిగా కనబడుతుంది, ఉదరం మీది చుట్లు చెరిగిపోతాయి. అరిగిన పురుగు కొలతతో 'కొత్త జాతి' అనేవాళ్లు ఎక్కువ. అంచు కుచ్చు చెక్కుచెదరకుండా ఉంటేనే ఆ కొలతలకు విలువ.

గట్టమ్మ_గుట్ట:

పొట్లలో బుడిపె చేసేది మెలిట్టియా యూరిటియాన్ అనే కదా వ్యవసాయ పుస్తకాల్లో ఉంది. ఇంత చర్చ ఎందుకు, పేరు తేలిపోయినట్టే.

రెక్క_ఈనె:

తేలలేదండి. మెలిట్టియా యూరిటియాన్‌కి 1848లో వెస్ట్‌వుడ్ అనే కీటక శాస్త్రవేత్త పేరు పెట్టారు. మన దేశంలో పొట్ల తీగ తొలిచే పురుగుగా పుస్తకాల్లో ఉన్నదీ అదే. కాబట్టి మొదటి అనుమానం దాని మీదే, కాదనను. కానీ బుడిపె చూసి తల్లి పురుగుకు (రెక్కలొచ్చిన పెద్ద పురుగుకు) పేరు పెడితే, అదే పంట మీద ఇంకో మెలిట్టియా ఉన్నా ఎప్పటికీ బయటపడదు. పొట్ల, దొండ, కాకర, అడవి దోసతీగలు అన్నీ ఈ ప్రజాతికి తిండే. దొండ తీగ హవాయిలో అడవంతా అల్లుకుపోతే దాన్ని అణచడానికి 1996లో ఆఫ్రికా నుంచి తెచ్చి వదిలింది కూడా ఒక మెలిట్టియానే, మెలిట్టియా ఈడిపస్. ప్రస్తుతానికి లేబుల్ మీద 'మెలిట్టియా జాతి, యూరిటియాన్ కావచ్చు' అని రాసుకోవడం న్యాయం.

తీగ_తొలుచు:

అన్నా, రెక్కల సంగతి వాళ్లు చూసుకుంటరు, నేను బుడిపె సంగతి చెప్త. జాతి తేల్చనీకి అసలు సాక్ష్యం అండ్లనే ఉన్నది. పొలంల ఎగిరే పురుగును పడితే దాని తిండి ఏందో తెల్వదు. బుడిపెల నుంచి పెంచి తల్లి పురుగును తీస్తే తిండి మొక్క ఖాయం, రెక్కలు కొత్తయి, మగ ఆడ రెండూ దొరుకుతయి.

ముందు ఆ తెల్ల పురుగు ఏందో చూడు. తీగజాతి కాండంల మూడు రకాలు దొరుకుతయి. కాళ్లే లేకుండ, తల సగం లోపలికి గుంజుకున్నట్టు ఉంటే అది అపోమెసైనా, మీసాల పెంకు పురుగు పిల్ల. ఒక్క బుడిపెల చిన్న చిన్న పురుగులు శానా ఉండి తల కానరాకపోతే అది ఈగ. మన వరంగల్ వరి రైతులకు ఉల్లికోడు ఎట్లనో ఎరుకే, ఆ ఈగ కుటుంబమే కాకరల కూడ బుడిపెలు చేస్తది. క్లియర్‌వింగ్ అయితే బుడిపెకు ఒకటే పెద్ద పురుగు, గట్టి గోధుమ తల, ఛాతీకి మూడు జతల అసలు కాళ్లు, కడుపుకు పొట్టి కాళ్లు ఉంటయి. ఆ పొట్టి కాళ్ల అడుగున కొక్కేలు భూతద్దంల చూడు. సెసియిడేల అవి రెండు అడ్డ వరుసలుగ ఉంటయి, గుండ్రంగ ఉండవు. చిట్టచివరి జత కాళ్లకు ఒకటే వరుస. ఇంకో గుర్తు: ఎనిమిదో ఉదర ఖండం మీది శ్వాసరంధ్రం మిగతా వాటి కన్న పెద్దగ, వీపు వైపుకు జరిగి ఉంటది. పది రెట్ల లెన్సు చాలు.

ఒక లార్వాను దాచిపెట్టు. మరిగే నీళ్లల్ల ఒక నిమిషం ముంచి తీసి 80 శాతం ఆల్కహాల్‌ల వెయ్యి. నేరుగ ఆల్కహాల్‌ల వేస్తే లోపల కుళ్లి నల్లబడతది, కొక్కేలు లెక్కపెట్టనీకి రాదు.

పెంచే పద్ధతి. బుడిపెను మాత్రమే కోయకు, రెండు వైపులా జానెడు తీగ ఉంచి కొయ్యి. కోసిన కొసలకు తడి దూది, దాని మీద ప్లాస్టిక్ చుట్టు. తీగ కాండం నీళ్ల కాండం, రెండు మూడు దినాలల్ల మెత్తబడి బూజు పడతది, పురుగు చస్తది. అందుకే చిన్న పురుగులున్న బుడిపెలు కోయొద్దు. రంధ్రం నుంచి పిప్పి బాగ బయటికి వస్తున్నయి చూసుకో, అవి పెద్దగ అయినయి. ఇంకా మంచిది ఏందంటే తీగను కోయకుండనే బుడిపె చుట్టు సన్న జాలి గుడ్డ సంచి కట్టు, అడుగున గుప్పెడు తడి మట్టి పొయ్యి. లోపలికి చీమలు పోకుండ రెండు కొసలు గట్టిగ ముడి వెయ్యి.

మట్టి ఎందుకంటే, అమెరికాల గుమ్మడి తీగ తొలిచే మెలిట్టియా కుకుర్బిటే కాండం వదిలి మట్టిలకు దిగి రెండు మూడు సెంటీమీటర్ల లోతున గూడు కట్టుకుంటది. ఈ ప్రజాతిల కాండంలనే కోశం కట్టేవి కూడ ఉంటయి. నీ పురుగు ఏది చేస్తదో చూసి రాసుకో, అది కూడ జాతి లక్షణమే. డబ్బాల పెంచితే అడుగున ఐదు సెంటీమీటర్లు జల్లించిన ఇసుక, ఎర్రమట్టి సగం సగం. పిడికిట్ల పిసికితే ముద్ద కావాలె, నీళ్లు కారొద్దు. నీళ్లెక్కువైతే కోశం బూజు పడతది, ఆరిపోతే రెక్కలు విచ్చుకోకుండ ముడుచుకొని వస్తది.

తల్లి పురుగు బయటికి వచ్చినంక ఖాళీ కోశం పారేయకు. సెసియిడే కోశం వీపు మీద అడ్డంగ ముళ్ల వరుసలుంటయి, వాటితోని జరుక్కుంట సగం బయటికి వచ్చి పగులుతది. ఆ పెంకును చిన్న జిలాటిన్ క్యాప్సూల్‌ల వేసి అదే పురుగు పిన్ను కింద గుచ్చు.

పంట సంగతి అడగలేదు గని చెప్త: బుడిపెను పొడుగ్గ చీరి పురుగును తీసేసి, ఆ కణుపు మీద తడి మట్టి కప్పు. కణుపుకు వేర్లు వస్తే తీగ బతుకుతది. పైన మందు కొడితే లోపలి పురుగుకు తగలదు.

పరకాల_పందిరి:

ధన్యవాదాలు అన్నా. లెన్సు పెట్టి చూసిన, కొక్కేలు రెండు అడ్డ వరుసలే. సంచులు కడత. పట్టిన పురుగు ఇంకా సీసాలనే ఉంది. దాన్ని ఎట్ల చంపాలె? నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం దూదికి పెట్టి వెయ్యొచ్చా?

స్లైడు_పెట్టె:

వద్దు. ఆ ద్రవం ఎసిటోన్ అయినా ఈథైల్ ఎసిటేట్ అయినా సీసా గోడలకు తేమ పడుతుంది. మెలిట్టియా కాలి కుచ్చు ఒక్కసారి తడిస్తే గడ్డకట్టిన కుంచెలా అతుక్కుపోతుంది, ఆ రంగులే మనకు కావాలి. పైగా ఈథైల్ ఎసిటేట్ డీఎన్ఏని పాడు చేస్తుంది.

ఫ్రీజర్ చాలు. పురుగును టిష్యూ కాగితంలో వదులుగా చుట్టి, గాలి పోని చిన్న డబ్బాలో పెట్టి, ఒక రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. తీసిన వెంటనే మూత తెరవకండి. డబ్బా గది వేడికి వచ్చేదాకా ఆగితే తేమ డబ్బా బయట పడుతుంది, పురుగు మీద పడదు. కరెంటు పోయి మంచు కరిగినా ఇదే ప్రమాదం, టిష్యూ అందుకే.

మెత్తగా ఉండగానే, ఏ పనికన్నా ముందు, కుడి మధ్య కాలు ఒకటి పట్టకారుతో తుంచి 95 శాతానికి పైన ఉన్న ఇథనాల్‌లో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. వెనక కాలు ముట్టుకోవద్దు. శానిటైజర్ పనికిరాదు, అందులో నీళ్లు, గ్లిసరిన్ ఉంటాయి. ఆ కాలు నుంచి సీఓఐ అనే జన్యువులో 658 బేస్‌ల ముక్క చదివితే జాతులను పోల్చడానికి పనికొచ్చే బార్‌కోడ్ వస్తుంది. బార్‌కోడ్ మీద మరీ నమ్మకం పెట్టుకోకండి. పోల్చడానికి డేటాబేసులో సరిగ్గా పేరు పెట్టిన నమూనా ఉంటేనే పేరు చెప్తుంది, లేకపోతే 'దీనికి ఇంత దూరం' అని మాత్రమే చెప్తుంది. తప్పు పేరుతో ఎక్కిన నమూనా ఉంటే తప్పు పేరే చెప్తుంది.

తర్వాత ఛాతీ నడుమ నుంచి స్టెయిన్‌లెస్ పిన్ను. ఈ సైజుకు 2 నంబరు సరిపోతుంది, వాగు దగ్గరి దానిలాంటి సన్న పురుగుకు 0 లేదా మినిటెన్ (తల లేని అతి సన్న పిన్ను). రెక్క చాచేటప్పుడు ముందు రెక్కను బలమైన ఈనె దగ్గర పట్టి జరపండి. సెసియిడేలో ముందు రెక్క కింది అంచు కిందికి, వెనక రెక్క పై అంచు పైకి మడతపడి ఒకదానికొకటి తాళం వేసినట్టు పట్టుకుంటాయి, వెనకది దానంతటదే వస్తుంది. దాన్ని విడిగా లాగితే ఆ మడత చిరుగుతుంది. వెనక కాళ్లను పక్కలకు లాగి పిన్నులతో ఆపండి. కడుపు కింద దాగితే ఎండాక చూడలేరు. వానాకాలంలో మన దగ్గర మూడు వారాలకు తక్కువ ఆరదు. సిలికా జెల్ పెట్టిన పెట్టెలో ఉంచండి, బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టకపోతే చీమలు ఒక్క రాత్రిలో ఉదరం ఖాళీ చేస్తాయి.

కొన్ని నెలలకు పురుగు మొత్తం నూనె పూసినట్టు నల్లబడితే కంగారు పడకండి. కాండంలో పెరిగే పురుగుల్లో కొవ్వు ఎక్కువ, అది బయటికి ఊరుతుంది. చుట్లు కనబడకుండా పోయాయని వేరే జాతి అనుకునే ప్రమాదం ఇక్కడే. హెక్సేన్‌లో గానీ పెట్రోలియం ఈథర్‌లో గానీ మూత బిగించి ఒక రోజు నానబెట్టి, ద్రవం పసుపురంగుకు తిరిగితే మార్చి, బయటికి తీశాక మెల్లగా ఊదుతూ ఆరబెట్టండి. రంగులు తిరిగొస్తాయి. వంటగదిలో మాత్రం చేయకండి, రెండూ భగ్గుమంటాయి.

అసలు తీర్పు జననాంగాలది. కోసే ముందు ఉదరం పైన, కింద, పక్క నుంచి ఫొటోలు తీసి, చివరి కుచ్చులో ఏ రంగు పొలుసు ఎక్కడుందో రాసుకోండి. పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేశాక అవి పోతాయి. ఉదరాన్ని విరిచి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో (100 మి.లీ. నీళ్లకు 10 గ్రాములు) చిన్న పరీక్షనాళికలో వేసి, ఆ నాళికను మరిగే నీళ్ల గిన్నెలో ఐదు నుంచి పది నిమిషాలు నిలపండి. తొందర లేకపోతే గది వేడిలో రాత్రంతా. తక్కువైతే కొవ్వు కరగదు, ఎక్కువైతే పొరలు ఉబ్బి పారదర్శకమై అంచులే కనబడవు. నీళ్లలో కడిగి, 30 శాతం ఆల్కహాల్‌లో సన్న కుంచెతో పొలుసులు తుడిచి, జననాంగాలను విడదీయండి. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి.

మగదైతే అంకస్, వాల్వా (పక్కన పట్టుకునే రెక్కలాంటి భాగం), సాకస్, ఫాలస్ అనే జననాంగ భాగాలు చూస్తారు. వాల్వా లోపలి వైపు ముళ్లు ఏ ఆకారంలో, ఏ వరుసలో ఉన్నాయి అన్నది ముఖ్యం. ఆడదైతే జత కట్టే ద్వారం, దాని లోపలి కార్పస్ బర్సే అనే సంచి, అందులో సిగ్నమ్ అనే గట్టి మచ్చ ఉందా లేదా. మొదట గ్లిసరిన్‌లో పెట్టి అటూ ఇటూ తిప్పి బొమ్మలు గీయండి, ఆ తర్వాతే యూపరాల్ అనే పారదర్శక జిగురులో స్లైడు. నేరుగా గాజు పలకల మధ్య నొక్కితే వాల్వా వాలిపోయి ఆకారం మారుతుంది, ఆపై బొమ్మతో పోల్చితే ఏదీ కలవదు. స్లైడు నంబరు పురుగు పిన్ను మీదా, కాలు సీసా మీదా ఒకటే ఉండాలి. మూడింటిలో ఏ ఒక్కదాని లేబుల్ పోయినా మిగతా రెండూ ఎందుకూ కొరగావు.

గట్టమ్మ_గుట్ట:

ఇంత చేసి యూరిటియాన్‌కి కలవకపోతే కొత్త జాతి అని ప్రకటించుకోవచ్చా?

రెక్క_ఈనె:

అంత తొందరగా కాదు. కలవకపోతే ముందు వెతకాల్సింది పాత పేర్లు. హాంప్సన్ 'ఫౌనా ఆఫ్ బ్రిటిష్ ఇండియా' మాత్‌ల మొదటి సంపుటం 1892 నాటిది. పాత రచనల్లో ఈ కుటుంబం ఈజెరియిడే అనే పేరుతో కూడా కనబడుతుంది, వెతికేటప్పుడు ఆ పేరుతోనూ వెతకండి. వాకర్, మూర్, హాంప్సన్ అనే ఆనాటి కీటక శాస్త్రవేత్తలు పేర్లు పెట్టిన నమూనాలు చాలావరకు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. ఆనాటి వర్ణన నాలుగు వాక్యాలు, రంగులు మాత్రమే, జననాంగాల ఊసు లేదు. కాబట్టి ఆ మూల నమూనాతో పోల్చకుండా 'కొత్తది' అంటే ఎవరూ ఒప్పుకోరు. పోల్చాక కూడా ఒక్క పురుగుతో ఆగకూడదు, మగ ఆడ కలిపి కొన్నయినా ఉండాలి, హోలోటైప్‌గా (ఆ పేరుకు ఆధారమైన ఒక్క నమూనాగా) ఒకదాన్ని పేర్కొని తీరాలి.

వర్గీకరణలో ఇది ఎక్కడుందో కూడా రాసుకోండి. సెసియిడేని ఇప్పుడు కాసోయిడియా అనే పెద్ద గుంపులో, మానులు తొలిచే కాసిడే పక్కన పెడుతున్నారు. ప్రపంచం మొత్తం మీద 1,400కు పైగా జాతులు. రెండు ఉపకుటుంబాలు: టింథియినే, సెసియినే. టింథియినేలో మీసం కొసన పొలుసుల కుచ్చు ఉండదు, చాలావాటికి ముందు రెక్క అద్దం కాకుండా పొలుసులతో నిండి ఉంటుంది, కాబట్టి రెక్క ముదురుగా ఉందని కుటుంబం నుంచి తీసేయకండి. మీది మీసం కొసన కుచ్చున్న సెసియినే, అందులో మెలిట్టియిని తెగ.

ఆరో ఫొటోది మాత్రం మెలిట్టియా కాదు, కాళ్లు నున్నగా ఉన్నాయి. మసక ఫొటోలో మీసం కొస కనబడటం లేదు కాబట్టి తెగ కూడా చెప్పను. అసలు అది సన్న నడుము కందిరీగే కావచ్చు. కానీ తడి ఇసుక మీద వాలిందన్నారు చూడండి, అది ఆసక్తికరం. ఉష్ణమండల క్లియర్‌వింగ్‌ల మగవి ఉప్పు కోసం వాగు ఒడ్డున వాలతాయి. హెటెరోస్ఫీషియా తావోనాయిడిస్ అనే నీలి క్లియర్‌వింగ్ సంగతే చూడండి. 1887లో సుమత్రాలో పట్టిన ఒకే ఒక్క నమూనా ఆధారంగా 2003లో దానికి పేరు పెట్టారు. ప్రాణంతో మళ్లీ కనబడింది 2013లో, మలేసియా అడవి నది ఒడ్డున, ఇలాగే తడి నేల మీద. బతికున్నప్పుడు ఎలా ఎగురుతుందో, దేని వేషం వేస్తుందో అప్పటిదాకా చూసినవాళ్లే లేరు. మన వాగుల ఒడ్డున ఏమేం వాలతాయో కూర్చుని చూడటం వృథా కాదు.

తీగ_తొలుచు:

లింగాకర్షక బుట్టలు పెడితే? పత్తి చేన్ల గులాబీ పురుగుకు పెట్టేటియి నా దగ్గర ఉన్నయి.

స్లైడు_పెట్టె:

ఆ ఎరకు రాదు. గులాబీ రంగు పురుగు ఎర 16 కార్బన్ల గొలుసు, 7, 11 స్థానాల్లో ద్విబంధాలు. క్లియర్‌వింగ్‌లవి ఎక్కువగా 18 కార్బన్ల గొలుసులు, 3, 13 లేదా 2, 13 స్థానాలు. 1974లో అమెరికా పీచ్ చెట్లు తొలిచే రెండు సెసియిడేల నుంచి వీటిని మొదట గుర్తించాక ఈ కుటుంబం మీద పని మారిపోయింది. అంతకుముందు అరుదు అనుకున్నవి గుంపులుగా ఎరకు వచ్చాయి. మీకు ఆ ఎర దొరికితే డెల్టా బుట్ట వాడొద్దు, జిగురుకు అంటుకున్న పురుగుతో ఏమీ చేయలేం. గరాటు బుట్ట మంచిది. వచ్చేవన్నీ మగవే, ఒకే ఎరకు రెండు మూడు జాతులు రావచ్చు, ఏ గంటకు వచ్చిందో రాసుకుంటే అది కూడా జాతిని విడదీస్తుంది.

ఇక అనుమతుల మాట. పరకాల పందిరి మీ సొంత చేను, ఇబ్బంది లేదు. జంపన్నవాగు వైపు ఏటూరునాగారం అభయారణ్యం హద్దు ఎక్కడుందో అటవీ శాఖ వాళ్లను అడగండి. అభయారణ్యం లోపల అనుమతి లేకుండా పురుగును కూడా పట్టకూడదు, 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. ఫొటో చాలు అనుకుని వెళ్లండి. నమూనా గానీ కాలు ముక్క గానీ విదేశీ ల్యాబ్‌కు పోస్టులో పంపొద్దు. దానికి 2002 జీవవైవిధ్య చట్టం కింద జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. నిజంగా కొత్త జాతి అయితే నమూనా జమ చేయాల్సింది నిర్దేశిత భాండాగారంలో, అంటే ప్రభుత్వం నిర్ణయించిన నమూనాల నిలవ సంస్థలో. జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటిదే, దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది.

పరకాల_పందిరి:

సరే సార్. సంచులు రేపే కడత. ఫ్రీజర్‌ల పెట్టిన దానికి లేబుల్ మీద ఏమేం రాయాలె?

స్లైడు_పెట్టె:

పెన్సిల్‌తో గానీ చెరగని ఇండియన్ ఇంకుతో గానీ రాయండి, బాల్‌పెన్ ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. మొదటి లేబుల్: తెలంగాణ, జిల్లా, ఊరు, ఫోన్‌లో చూపే అక్షాంశ రేఖాంశాలు నాలుగు దశాంశాల దాకా, తేదీ, గంట, పట్టినవారి పేరు. రెండోది: ఎగురుతుంటే పట్టారా, బుడిపె నుంచి పెంచారా. పెంచితే ఏ మొక్క, బుడిపె తెచ్చిన తేదీ, పురుగు వచ్చిన తేదీ. ఎగురుతూ దొరికిన దాని మీద 'పొట్ల' అని తిండి మొక్కగా రాయొద్దు, 'తులసి పువ్వు దగ్గర' అని రాయండి. మూడో లేబుల్ మీద పేరు, ఇది ఆ జాతేనని తేల్చినవారు, తేల్చిన సంవత్సరం. దాన్ని విడిగా ఉంచండి, రేపు పేరు మారితే ఆ ఒక్క కాగితమే మారుతుంది.